బాల్‌సింగ్ సంతకం

"అన్నా, జర నా మొగుని సంతకం పెట్టవా?"

బెంచీ మీద కూర్చున్న వీరేశం ఉలిక్కిపడ్డాడు. అతనిది జనగామలో మిర్చి వ్యాపారం. సరుకు చూడ్డానికి మానుకోట వచ్చి, మార్కెట్లో మేకు తొక్కి, సూది వేయించుకుందామని ఈ చిన్న దవాఖానకు వచ్చాడు. పక్కనున్న ఆడమనిషి కాగితం చాపి పట్టుకొని ఉంది. నోటితో అన్నా అంటూనే మొగుడిగా సంతకం పెట్టమంటోంది. ఏ వరసలో జవాబు చెప్పాలో అతనికి తోచలేదు.

"ఏం కాగితమమ్మా గిది?"

"కడుపు తీపిచ్చుకునేటందుకు. నల్గురు పిల్లలున్నరు. పోయిన కాన్పుకే సచ్చి బతికిన. నెలలు మీరితె చెయ్యనన్నది డాక్టరమ్మ."

ఆమె పేరు మోతీబాయి. పెద్దవంగర దగ్గర తండా. మొగుడు బాల్‌సింగ్ హోలీకి వచ్చి, మళ్ళీ బొంబాయికి మట్టిపనికి పోయాడు.

గుమ్మంలోంచి సిస్టరు అందుకుంది. "కానూన్ల అయితే మొగుని సంతకం అక్కర్లేదు. గని మా దవాఖానల అడుగుతం. రేపు వాళ్ళొచ్చి లొల్లి జేస్తె మాకెందుకు?"

వీరేశానికి ఇలాంటివి గిట్టవు. గిట్టకపోవడానికి కారణమూ ఉంది. రెండేళ్ళ కింద అతని భార్య సులోచనకు నాలుగోసారి నెల తప్పింది. "నాకు ఇగ చాతకాదు" అని ఆమె ఒక మాట అంది గానీ, "దేవుడిచ్చింది కాదంటమా" అని అతను సంబరంగా దుకాణానికి వెళ్ళిపోయాడు. ఆ నెలలోనే ఆమె ఈ మానుకోటలోనే ఉన్న అక్క ఇంటికి వచ్చి, బావి గచ్చు మీద జారిపడింది. కడుపు పోయింది. తిరిగొచ్చాక ఆమె కంట తడి పెట్టలేదు. తన కోసమే దుఃఖం దిగమింగుకుంటోందనుకొని, ఆమె వంతు కూడా అతనే చాటుగా ఏడ్చాడు. అలాంటివాణ్ణి పట్టుకొని, నిలిచిన కడుపు తీయించడానికి సంతకం పెట్టమంటే ఎలా పెడతాడు?

"మొగుణ్ణి అడగకుంట ఎట్లనమ్మా? జాబు రాయిపియ్యరాదు?"

"ఆయనకు సంతకమొక్కటే వచ్చు, సదువు రాదు. మేస్త్రి సదివి ఇనిపిస్తడు, అందరి ముందట. జవాబు వచ్చేటాల్లకు నెలలు మీరుతయి."

"అయినా ఆయన బిడ్డ గూడ గదమ్మా."

"అవునన్నా. గా నల్గురు గూడ ఆయన బిడ్డలే. నేను సస్తె వాళ్ళనెవరు సాదుతరు?" మోతీబాయి గొంతు పెంచలేదు, తన ఒంటిని చూపించుకుంది. "మోసేది నేను. పెయ్యి నాది గదన్నా."

ఆ చివరి మాట వీరేశానికి ఎక్కడో విన్నట్టనిపించింది. కాస్త ఆలోచిస్తే అది తన మాటే. ఎమర్జెన్సీలో కుటుంబ నియంత్రణ జీపు బజార్లోకి వచ్చిందని తెలిసి, అతను గోదాములో మిర్చి బస్తాల నడుమ సగం రోజు దాక్కున్నాడు. తుమ్ములు ఆపుకోలేక నానా అవస్థ పడ్డాడు. "పెయ్యి నాది, సర్కారుకేం హక్కు?" అని ఆ తర్వాత నెల రోజులు కనబడ్డ వాళ్ళందరికీ చెప్పుకున్నాడు. బజారంతా మెచ్చుకుంది. అది వేరు, ఇది వేరు అని ఇప్పుడు మనసులో గట్టిగానే వాదించుకున్నాడు. ఎట్లా వేరో మాత్రం ఎంతకీ తేలలేదు.

మోతీబాయి కాగితం మడుచుకుంది. "సరే అన్నా. ఇంకెవరినన్న అడుగుత."

"ఇటియ్యమ్మా," అన్నాడు వీరేశం. అన్నాక, ఎందుకన్నానా అనుకున్నాడు.

నిజాం కాలపు బడిలో చదివినవాడు కాబట్టి అతని సంతకం ఎప్పుడూ ఉర్దూలోనే. జనగామ బజార్లో దాన్ని ఎవరైనా గుర్తుపడతారు. ఆ భయానికి, బాల్‌సింగ్ అని తెలుగులో, బళ్ళో పిల్లవాడిలా పెద్ద పెద్ద అక్షరాలు రాశాడు. సిస్టరు అతని జరీ అంచు ధోతినీ, వేలి ఉంగరాన్నీ చూసింది.

"బాల్‌సింగ్ బొంబాయి నుంచి జల్దినే వచ్చిండు," అని కాగితం తీసుకుంది. "ఎవరో ఒకరు దొరుకనే దొరుకుతరు."

సూది వేయించుకున్నాక కూడా వీరేశం కదల్లేదు. మధ్యాహ్నం ప్యాసింజరు వెళ్ళిపోయింది. "ఆమె మంచిగనే ఉన్నది" అని సిస్టరు వచ్చి చెప్పాకే లేచాడు. అప్పటిదాకా ఎందుకు కూర్చున్నాడో అతనికీ తెలియదు.

ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చుని, కలిపిన ముద్దనే మళ్ళీ మళ్ళీ కలుపుతున్నాడు.

"ఏంది, పరేషాన్‌గ ఉన్నరు?" అంది సులోచన.

ఏదీ దాచకుండా చెప్పాడు. ఆమె వింటూ వింటూ వడ్డించడం ఆపేసింది.

"తప్పు జేసిన్నా సులోచనా? ముక్కు మొహం తెల్వనోని పేరు, వానికి చెప్పకుంట పెట్టిన. నా పేరు గట్ల ఇంకొకడు పెడితే నేను ఊకుందునా?"

"ఊకోరా?"

వీరేశం కంచం పక్కకు జరిపాడు. పొద్దున అడిగివుంటే టక్కున జవాబు చెప్పేవాడే.

"ఏమో. నాకు సమజైతలేదు. పెయ్యి ఆమెది. ఆమె చెప్పింది గూడ నిజమే."

సులోచన అతని ఎదురుగా కూర్చుంది. పెళ్ళయి ఇన్నేళ్ళలో అతను తినకుండా ఆమె అలా కూర్చోవడం ఎరగడు.

"సంతకం ఉర్దూల పెట్టిన్రా?"

"లేదు. తెలుగుల."

ఆమె రెండేళ్ళుగా బిగబట్టిన ఊపిరి వదిలింది.

"నా కాగితం మీద మీ పేరు పెట్టినాయన గూడ తెలుగులనే పెట్టిండు."