చుక్క ఆగేదాకా

“అలా గుడ్లప్పగించి చూస్తావేం? విప్పు!” అంది చిట్టి తల్లి, వంటింటి కొళాయి వైపు చెయ్యి చూపిస్తూ.

బైండరు రెంచి పట్టుకుని నిలబడ్డాడు. పుస్తకాలు కుట్టి అట్టలు కట్టడం అతని పని. కొళాయి విప్పుతుంటే చూశాడే గాని, తాను విప్పిన పాపాన పోలేదు.

అసలతను వచ్చింది చిట్టిని తనకిచ్చి పెళ్లి చెయ్యమని అడగడానికి. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, చెప్పాల్సిన నాలుగు ముక్కలూ దారి పొడుగునా వల్లె వేసుకుంటూ వచ్చాడు. తలుపు తీసిన ఆవిడ “వచ్చావా నాయనా! పొద్దుట్నుంచీ నీకోసమే చూస్తున్నాను, రా, రా” అనేసరికి పొంగిపోయాడు. ఆ ఆదరమంతా ప్లంబరుకని వంటింట్లోకి వచ్చాక గాని తెలియలేదు.

“ఒట్టి చేతులతో వచ్చావా? బాగుంది వరస!” అంటూ ఆవిడే రెంచి తెచ్చి చేతిలో పెట్టింది.

అది కాదండీ అనబోయాడు. ఆవిడ అననిస్తేగా!

“మా అమ్మాయిని చేసుకుంటానంటున్నవాడు కాసేపట్లో వస్తాడు. పళ్లు తెమ్మని అమ్మాయిని బజారుకు పంపాను. ఇదేమో టపటపమని చెవిలో పోరు పెడుతోంది. అసలే నాకు ఆ అబ్బాయి మీద మనసు లేదు. నోట్లో నాలుక లేనివాడట.”

దాంతో ఉన్న నాలుక కాస్తా పిడచకట్టుకుపోయింది. తల్లి గురించి ఎంత గుచ్చి గుచ్చి అడిగినా చిట్టి ఒక్క మాటే చెప్పింది. “నువ్వే చూద్దువుగాని. అమ్మ దగ్గర అబద్ధం మాత్రం ఆడకు.”

ఇంతవరకూ అబద్ధమేమీ ఆడలేదని మనసుకు సర్దిచెప్పుకున్నాడు. నిజం చెప్పలేదు, అంతే.

జేబురుమాలు తీసి కొళాయి నట్టు చుట్టూ చుట్టాడు.

“ఆ గుడ్డెందుకు?”

“మెరుపు మీద గీతలు పడకుండానండి.”

ఆవిడ స్టూలు లాక్కుని కూర్చుంది. అతను రెంచి బిగించి బలంగా తిప్పాడు. నట్టు వదులైంది. ఇంకో రెండు చుట్లు తిప్పాడో లేదో, కొళాయి తల ఎగిరిపడి నీళ్లు ధారగా మొహం మీదికి చిమ్మాయి.

“అయ్యయ్యో!” అని రెండు చేతులతో అదిమిపట్టాడు. నీళ్లు వేళ్ల సందుల్లోంచి గోడ మీదికీ, గిన్నెల మీదికీ, చొక్కాలోకీ పోయాయి.

“గట్టు కింద వాల్వేదో ఉంది. అది కట్టేస్తే పోయేదేమో,” అంది ఆవిడ, కూర్చున్నచోటి నుంచి కదలకుండా.

వంగి వాల్వు కట్టాడు. తల నుంచి కాళ్ల దాకా తడిసి ముద్దయ్యాడు. పగవాడిక్కూడా వద్దు ఇలాంటి పెళ్లి మాటలు అనుకుంటూ, ఎగిరిపడిన ముక్క తీసి చూశాడు. దాని కొసన నల్ల రబ్బరు వాషరుంది. రాయిలా గట్టిపడి, నడిమధ్య గాడి పడింది.

“ఇదండీ, అరిగిపోయింది.”

“తిరగేసి పెట్టెయ్. రెండో వైపు బాగానే ఉందిగా. లోపల ఎవరు చూడొచ్చారు?”

“ఇవాళ్టికి ఆగుతుందండి. పది రోజులకి మళ్లీ మొదలు. కనబడదు కదా అని లోపలి కుట్టు వదిలేస్తే అట్ట ఊడేది అక్కడే...” అని నాలుక కరుచుకున్నాడు.

“కొళాయికి కుట్టేమిటి?”

“మాటవరసకన్నానండి.”

ఆవిడ అలమరలోంచి రేకు డబ్బా తెచ్చి మూత తీసింది. నిండా వాషర్లే. కంటికి ఆనిన దాన్ని ఏరి తొడిగి, నట్టు బిగించి, వాల్వు తిప్పాడు. ఇద్దరూ కొళాయి కొస వంక చూశారు.

ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత ఒక చుక్క. ఇంకాసేపటికి మరొకటి.

“ఆ మాత్రం ఫరవాలేదులే,” అంది ఆవిడ. “ఇక నువ్వెళ్లు నాయనా. అతగాడొచ్చే వేళయింది.”

గుమ్మం నాలుగడుగుల దూరంలోనే ఉంది. వెళ్లిపోవచ్చు. కాని ఏ మొహం పెట్టుకుని మళ్లీ వస్తాడు? గొంతు సవరించుకున్నాడు.

“నేను ప్లంబర్ని కానండి. ఆ వచ్చేవాణ్ణి నేనే. నోట్లో నాలుక లేనివాణ్ణి.”

ఆవిడ కళ్లు పెద్దవి చేసింది. “మరి ఇందాకట్నుంచీ నోరెందుకు మెదపలేదు?”

“భయమేసిందండి. తప్పే. ఈ పని నాకు చేతకాదని కూడా అప్పుడే చెప్పాల్సింది.”

“ఇప్పుడు చెప్పేశావుగా. వచ్చి కూర్చో మరి.”

“ఆ చుక్క ఆపి వస్తానండి. లేకపోతే నేను మాట్లాడినంతసేపూ చెవులు అక్కడే ఉంటాయి.”

ఈసారి వాల్వు కట్టడం మరిచిపోలేదు. తాను తొడిగిన వాషరు విప్పి, అరిగిన పాతదానితో జోడించి చూశాడు. కొత్తది వెంట్రుకవాసి పెద్దది. డబ్బా అంతా వెతికి సరిగ్గా దాని కొలతది పట్టుకుని తొడిగాడు. వాల్వు తిప్పి, ఊపిరి బిగబట్టి చూశాడు. చుక్క రాలేదు. ఎంతసేపు చూసినా రాలేదు.

వెనక్కి తిరిగేసరికి ఆవిడ తువ్వాలు పట్టుకుని నిలబడి ఉంది. అతను చెయ్యి చాచేలోగా తానే తల తుడవడం మొదలుపెట్టింది. “జలుబు చేస్తుంది, వంగు. తాటిచెట్టంత ఎదిగావు, నాకు అందొద్దూ!”

అప్పుడే చిట్టి పళ్ల సంచితో లోపలికొచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. “ఇదేమిటీ అవతారం?”

“అమ్మగారు పాపం నన్ను ప్లంబరనుకుని పని చెప్పారు,” అన్నాడు అతను తువ్వాల్లోంచి.

చిట్టి తల్లి వంక చూసింది. తల్లి గబగబా సంచి అందుకుని పళ్లు కడగడానికి అటు తిరిగింది. చిట్టికి నవ్వు ఆగలేదు.

“ఈ ఊళ్లో ప్లంబర్లందరికీ పని నేర్పింది అమ్మే!”