పళ్ళెమంత రూపాయి

పళ్ళెమంత రూపాయి బిళ్ళను ఎక్కడ దాచాలో ఉదయలక్ష్మికి తోచలేదు.

బీరువాలో పెడదామంటే ముందు అక్కడే వెతుకుతారు. బియ్యం డబ్బా సంగతి దొంగలకే తెలిసినప్పుడు పోలీసులకు తెలియదా? పరుపు కింద పెడితే విరుగుతుంది. విరగ్గొట్టడం ఇంకో నేరమేమో!

పొద్దున కూతురు గది సర్దుతుంటే అటక మీద కనిపించిందది. తెల్లటి సుద్దతో పోత పోసినట్టుంది. సింహాలు, వాటి కింద అక్షరాలు, అన్నీ రూపాయి మీద ఉన్నట్టే. దాని అడుగున గుడ్డ చుట్టిన పళ్ళెం ఇంకొకటి. అది విప్పి చూసే ధైర్యం ఆవిడకు లేకపోయింది.

ఆవిడ ధైర్యం ఎప్పుడూ అంతే. కూతురు భానుశ్రీ అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటర్లో డిజైనింగ్ పాఠాలు చెబుతుంది. పంజాగుట్ట నుంచి మెట్రోలో ఒక్క స్టేషను. ఆ ఒక్క స్టేషను దూరంలోనే తలుపులో పిల్ల చున్నీ ఇరుక్కుంటుందేమోనని రోజూ దేవుడికి దండం పెట్టి పంపుతుంది. తెల్లవారగానే అపార్ట్‌మెంట్ గేటు ముందు తనే ముగ్గేస్తుంది. అందులోనూ పద్మానికి ఒక రేకు కలపకుండా వదిలేస్తుంది. నిండుగా ఉంటే ఇంటికి దిష్టి తగులుతుందని భయం.

అలాంటి మనిషి, నిన్న సాయంత్రం బాల్కనీలో బట్టలు తీస్తూ భాను ఫోన్లో అన్న మాటలు విన్నది.

"అవును సార్. నాణెం విషయం కదా, రూల్ రూలే. అనుమతి అడక్కుండా బొమ్మ వాడుకోవడం తప్పే. రేపు ఇంటికే రండి. అమ్మకు నేనేం చెప్పలేదు. చెబితే హడలిపోతుంది."

చెప్పకపోయినా హడలిపోయింది. పళ్ళెం కనబడ్డాక, వాచ్‌మన్ భార్య చిలకమ్మ మెట్లు ఊడవడానికి వస్తే, ఎవరి మాటో అన్నట్టు అడిగింది.

"రూపాయి బొమ్మ ఎవరైనా వేస్తే ఏమవుతుందే?"

"అమ్మో! గవర్మెంటును అడగకుంట ఎయ్యొద్దట. మా మరిది పనిచేసే ప్రెస్సుల ఎవరో పెళ్ళికార్డు మీద రూపాయి బిళ్ళ బొమ్మ ఏసిండని పోలీసోళ్ళు పిలిచిండ్రట."

"కార్డు మీద ఎంత బొమ్మ వేసుంటాడు, పాపం!"

"గింతంత." చిలకమ్మ చిటికెన వేలి గోరు చూపించింది. "నీకెందుకమ్మా గీ ఫికర్? మీ ఇంట్ల ఎవరేసిండ్రు?"

"మా ఇంట్లోనా? ఛీ ఛీ!"

గోరంత బొమ్మకే పోలీసులు పిలిస్తే పళ్ళెమంత బొమ్మకు ఏం చేస్తారు? ఉదయలక్ష్మి కళ్ళ ముందు జైలు గేటు కదలాడింది. ములాఖత్‌కు వెళ్ళినప్పుడు పెరుగన్నం తీసుకెళ్ళనిస్తారో లేదో. భానుకు పెరుగు లేనిదే ముద్ద దిగదు.

చివరికి వంటగది మూలనున్న ముగ్గుపిండి డబ్బా గుర్తొచ్చింది. తెల్లటి పిండిలో తెల్లటి సుద్ద. ఏ కుక్క వాసన పడుతుంది? రెండు పళ్ళేలనూ అడుక్కంటా దించి, పైన పిండి సర్ది, మూత పెట్టి, దాని మీద తనే కూర్చుంది.

అంతలోనే కింది నుంచి కేక.

"ఉదయమ్మా! ఎవరో సారు వచ్చిండు. గేటు కాడ కిందికి వంగి వంగి ఫోటోలు తీస్తుండు!"

అడుగుల జాడలు! పళ్ళెం ఇంట్లోకి ఎవరు మోసుకొచ్చారో ఆనవాళ్ళు తీసుకుంటున్నాడు.

రెండు నిమిషాల్లో తలుపు దగ్గర నడివయసు మనిషి. మెడలో గుర్తింపు కార్డు, చేతిలో బ్యాగు.

"నమస్కారమండీ. నా పేరు హనుమత్ప్రసాద్. నాణేల విభాగం నుంచి వస్తున్నాను. భానుశ్రీ గారి అమ్మగారేనా?"

"మా భాను అలాంటిది కాదండీ! దానికి సున్నా చుట్టడం కూడా సరిగ్గా రాదు."

డిజైనింగ్ పాఠాలు చెప్పే పిల్ల గురించి ఆ మాట అన్నాక నాలుక కరుచుకుంది. ఆయన నవ్వు ఆపుకున్నాడు.

"బొమ్మ ఆవిడది కాదని మాకు తెలుసండీ. ఆవిడే చెప్పారు. అసలు వేసిన మనిషిని చూద్దామనే వచ్చాను."

పిల్ల ఇంకెవరి పేరో చెప్పి తప్పించుకోబోయిందన్న మాట. రేపు అబద్ధం బయటపడితే శిక్ష రెట్టింపు చెయ్యరూ? ఉదయలక్ష్మి కొంగు నడుముకు దోపింది. జన్మలో లేని తెగువ ఎక్కడినుంచి వచ్చిందో!

"నేనే వేశానండీ ఆ బొమ్మ! దానికేం తెలియదు. ఏం చేసినా నన్నే చెయ్యండి. బీపీ మాత్రలు మటుకు తెచ్చుకోనివ్వండి."

"హమ్మయ్య, మీ నోటితో మీరే చెప్పారు," అని ఆయన తేలిగ్గా కుర్చీలో కూర్చున్నాడు.

అప్పుడే భాను రొప్పుతూ లోపలికొచ్చింది. తల్లి మొహం చూసింది. చీరంతా అంటిన ముగ్గుపిండి చూసింది.

"అమ్మా, అటక మీది పళ్ళేలేవి?"

"ఏ పళ్ళేలే? నేనే చేశానని చెప్పేశాను కదా, నువ్వు ఊరుకో!" అంటూ కళ్ళతో సైగ చేసింది తల్లి.

ఆ కళ్ళు చూసిన వైపే భాను వెళ్ళింది. డబ్బాలోంచి గుడ్డ చుట్టిన పళ్ళెం తీసి, గుడ్డ విప్పి, ఉఫ్ అని పిండి ఊదింది.

దాని మీద ఒక రేకు కలపని పద్మం.

హనుమత్ప్రసాద్ లేచి నిలబడి, ఉదయలక్ష్మికి రెండు చేతులూ జోడించి అడిగాడు: "భానుశ్రీ గారు పంపిన నమూనా మాకు నచ్చింది. కొత్త నాణెం మీద మీ ముగ్గు వేసుకోవడానికి ప్రభుత్వానికి అనుమతిస్తారా అమ్మా?"