హద్దురాయి గుర్తు

"బిగబట్టుకోవే! హద్దు దాటకముందు కన్నావో, తోలు ఒలిచేస్తాను!" అని అరిచాడు స్క్రైవెన్.

బండిలో గడ్డి మీద పడి ఉన్న కెజియా పళ్లు బిగించింది. నొప్పులు మొదలై చాలాసేపైంది. తెల్లవారినా మంచు విడలేదు. బండి చక్రాలు బురదను పిసుకుతూ ఊరికి దూరంగా పోతున్నాయి.

ఒక్కో చర్చి కిందున్న ఊరు ఒక్కో పారిష్. ఎల్మ్‌స్కోట్ పారిష్‌లో పేదల పన్నుకు పెత్తందారు స్క్రైవెన్. తండ్రి ఎవరో తెలియని బిడ్డ ఏ పారిష్ నేల మీద పుడితే, పెరిగి పెద్దయ్యేదాకా ఆ బిడ్డ తిండీ గుడ్డా ఆ పారిష్‌వే. అది రాజుగారి చట్టం. హద్దురాయి దాటి, పక్కనున్న హాడన్ నేల మీద పుడితే ఆ గుదిబండ హాడన్ వాళ్ల మెడకు. అందుకే స్క్రైవెన్ పొద్దున్నే బండి కట్టించాడు.

"ఒరేయ్ నెడ్, రాయి వచ్చిందా?"

"నా గుర్రం తోకే నాకు కనబడట్లేదు దొరా, రాయెక్కడ కనబడుద్ది?" అన్నాడు బండి తోలే నెడ్. "అయినా ఆ రాయి నా కళ్లకంటే నా నెత్తికే బాగా తెలుసు."

"నీ నెత్తి తగిలాకే కదరా అది అరిగిపోయింది!"

ఇద్దరూ నవ్వారు. ఏటా మే నెలలో పాదిరీగారు ముందు నడుస్తుంటే ఊరంతా హద్దుల వెంబడి తిరుగుతుంది. ప్రతి రాయి దగ్గరా ఒక బీదపిల్లనో పిల్లాణ్ణో తలకిందులుగా ఎత్తి, తలను రాయికేసి కొడతారు. ఏడుపు ఆపాక ఒక బన్ను చేతిలో పెడతారు. దెబ్బ తిన్నవాళ్లు ముసలైపోయినా హద్దు మరిచిపోరని ఎల్మ్‌స్కోట్ నమ్మకం.

ఉన్నట్టుండి కెజియా లేచి కూర్చుని కేక పెట్టింది. "అయ్యో, రాయి! అదిగో రాయి వచ్చేసింది! దాటించకండి దొరా, మీ కాళ్లు పట్టుకుంటాను! నేను పుట్టిన ఊరు దొరా, ఇవతలే దింపెయ్యండి!"

స్క్రైవెన్ చటుక్కున తల తిప్పాడు. ఎడమవైపు మంచులో, గట్టు మీద, బూడిదరంగులో ఏదో మోపుగా కనబడింది. నెడ్ ఏదో అనబోయాడు. వెనక్కి తిరిగి కెజియా ముఖం చూశాడు. మళ్లీ గుర్రం చెవుల వైపు తిరిగి ఊరుకున్నాడు.

"పోనీ, ఇంకాస్త పోనీ. ఆఁ, చాలు. లాగు దాన్ని."

చంకల కింద చేతులేసి బురదలోకి జార్చారు.

"ఆ గోనె అయినా ఇవ్వండి దొరా. బిడ్డకు కప్పుతాను."

"గోనె ఎల్మ్‌స్కోట్‌ది. హాడన్ వాళ్లనడుగు."

కెజియా మోచేతుల మీద, వచ్చిన దారినే వెనక్కి పాకబోయింది. స్క్రైవెన్ ఎదురొచ్చి నిలబడి, బూటు ఆమె భుజం మీద పెట్టి నెట్టాడు. "తెలివితేటలు! రాయి ఇవతలికి వచ్చి కందామనా? కదిలావంటే కర్ర విరుగుద్ది. అక్కడే కను."

ఆమె అక్కడే కన్నది. దగ్గర ఎవరూ కూర్చోలేదు. నెడ్ బండి చాటున టోపీ నలుపుకుంటూ నిలబడ్డాడు. స్క్రైవెన్ చుట్ట వెలిగించుకుని కాపలా కాశాడు. చుట్ట అయిపోకముందే బిడ్డ కేరుమంది.

అరుపులు విని మంచులోంచి ఇద్దరు పరుగెత్తుకొచ్చారు. హాడన్ పెత్తందారు గార్త్, అతని భార్య. ఆమె తన శాలువా తీసి తల్లినీ బిడ్డనూ కప్పింది. బురదలో ఎర్రగా పరుచుకుంటున్న మడుగు చూసి, మొగుడి వైపు తల అడ్డంగా ఊపింది.

"రండి గార్త్ గారూ, రండి!" స్క్రైవెన్ టోపీ తీశాడు. "మీ ఊళ్లో ఒక నోరు పెరిగింది. శుభం!"

"మా ఊళ్లోనా?" గార్త్ చుట్టూ చూశాడు. "మా ఊరు ఇక్కడిదాకా ఎప్పుడు నడిచొచ్చిందయ్యా?"

"బుకాయించకండి. అదిగో రాయి. దాటించే దింపాను." స్క్రైవెన్ కర్రతో వెనక్కి చూపించాడు.

మంచు పలచబడుతోంది. గట్టు మీద రాయి లేచి నిలబడింది. తడిసిన ఉన్ని దులుపుకుని, 'మే' అని అరిచి, గడ్డి మేసుకుంటూ వెళ్లిపోయింది.

గార్త్ పొట్ట పట్టుకుని నవ్వాడు. "మీ హద్దుకి తాడు కట్టుకోండి స్క్రైవెన్ గారూ, ఎవరైనా కోసుకు తినేస్తారు! అసలు రాయి ఇంకా ముందుంది, మా నీటిమర పక్కన. ఇదంతా మీ నేలే. బిడ్డ మీదే. నేనూ మా ఆవిడా సాక్ష్యం."

స్క్రైవెన్ నెడ్ వైపు చూశాడు. నెడ్ గుర్రం జీను సర్దుకుంటున్నాడు. స్క్రైవెన్ కర్ర పట్టుకుని కెజియా మీదికి వంగాడు.

"దొంగముండా! కళ్లున్న నాకే తెలియలేదు. రాయి రాలేదని నీకెలా తెలుసే?"

కెజియా పెదవులు సున్నంలా తెల్లబడ్డాయి. అయినా నవ్వింది. అతని చెయ్యి పట్టుకుని తన జుట్టులోకి, చెవి పైన ఉన్న గుంట మీదికి తీసుకెళ్లింది. స్క్రైవెన్ బొటనవేలు ఆ గుంటలో సరిగ్గా ఇమిడింది.

"రాయి దగ్గర మర నీళ్ల హోరు వినబడుద్ది దొరా. తలకిందులుగా వేలాడుతూ విన్నాను. ఇక్కడ వినబడట్లేదు." ఊపిరి అందక ఆగింది. "చచ్చేదాకా గుర్తుండాలని మీరే కదా దొరా, నా కాళ్లు పట్టుకుని ఆ రాయికేసి కొట్టింది... గుర్తుంది."