రెండో తాళంచెవి

"మళ్లీ పితికేసినారు." కృపమణి ఖాళీ బకెట్టును గచ్చు మీద విసిరికొట్టింది. ఆ చప్పుడుకు షెడ్డులోని ఆవులన్నీ ఉలిక్కిపడ్డాయి.

ఎర్రావు మాత్రం తాపీగా నెమరేస్తూ నిలబడింది. సంతలో బేరమాడేటప్పుడు అందరి ముందూ బకెట్టు నింపిన ఆవు అది. ఇంటికొచ్చినప్పట్నుంచీ తెల్లారి చూస్తే పొదుగు వట్టిపోయి వేలాడుతోంది. చన్నులు ఇంకా తడిగానే ఉన్నాయి. దూడ అవతల గుంజకు కట్టింది కట్టినట్టే ఉంది. కుక్క మొరగలేదు. గేటుకు వేసిన తాళమూ వేసినట్టే ఉంది.

ఆ తాళానికి చెవులు రెండే. ఒకటి కృపమణి కొంగున ఉంటుంది, రెండోది తోడికోడలు జీవిత దగ్గర. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు గానీ, కృపమణి పట్టి తీరాలనుకుంది.

"పొదుగువాపేమో, డాక్టరుకు సూపిస్తే పోలే?" అన్నాడు భర్త దావీదురాజు, పాల క్యాను బండికి కడుతూ.

"సూపిచ్చినా. ఆవు రాయి మాదిరి ఉండాదన్నాడు. జరమూ లేదు, వాపూ లేదు. దాణా పోసేది నేను, పాలు తాగేది ఇంకొకరు. ఇట్లయితే ఈ డెయిరీ ఎన్నాళ్లు నిలుస్తాదప్పా?"

దావీదురాజు బండి ఎక్కాడు. పాలు పోసేసి అట్నుంచటే ఎర్రగుంట్లలో సిమెంటు ఫ్యాక్టరీ డ్యూటీకి పోవాలి. తమ్ముడు ఏసుకుమార్ లారీ తోలుతాడు, ఇంటిపట్టున ఉండేది తక్కువ. చెనక్కాయ పంట వరసగా ఎండిపోయాక తోడికోడళ్లిద్దరూ పేడా మట్టీ తట్టల్లో మోసి నిలబెట్టుకున్న షెడ్డు ఇది. ఇది మునిగితే ఆ ఇంటికి ఇంకో దారి లేదు.

ఎర్రావును ఎంచి తెచ్చింది మాత్రం కృపమణే. సంతలో దాని మెడచుట్టూ నిలువు కర్రలు పేర్చి బిగించి ఉంటే ఆమె కడుపు తరుక్కుపోయింది. "అవి ఉండనీమ్మా, అది..." అని అమ్మే ఇమాం బాషా ఏదో చెప్పబోతే మాటకు అడ్డం పడింది. "మూగజీవాన్ని ఇట్ల బిగిచ్చి సంపుతారా? నువ్వూ ఒక మనిషివేనా?" అని పదిమందిలో కడిగేసింది. ఇంటికి రాగానే ఆ కర్రలు కోసి పొయ్యిలో పెట్టింది. ఆ పూట సంగటి వాటి మంట మీదే ఉడికింది.

ఇప్పుడు దాని మూతికంటిన నురగను కొంగుతో తుడుస్తూ, "నీకుండే ఇశ్వాసం మనుషులకు లేదు తల్లీ," అంది, అప్పుడే పచ్చగడ్డి మోపుతో లోపలికొచ్చిన జీవితకు వినబడేట్టు.

జీవిత మోపు దించింది. ఆమె చంకలో మహిమ, ఇంకా ఏడాది నిండని పిల్ల.

"పిల్ల బుగ్గలు బాగా పొంగినాయే," అంది కృపమణి.

జీవితకు అర్థమైంది. "నా బిడ్డకు నా పాలే సాలక్కా. నీ ఆవు పాలు నాకెందుకు?"

"నీ ఆవంట. అప్పుడే యేరు పడినట్టు మాట్లాడతాండావే."

"దొంగతనం అంటగట్టినాక కలిసుండేది యాడ?"

ఆదివారం ఆరాధన ముగిశాక కృపమణి చర్చిలో అందరి ముందూ లేచి నిలబడింది. "అయ్యగారూ, మా జీవితను బైబిలు మీద చెయ్యేసి పాలు ముట్టలేదని చెప్పమనండి. చెప్తే ఈడనే దాని కాళ్లు పట్టుకుంటా."

అందరూ జీవిత వైపు తిరిగారు. జీవిత చెయ్యి చాచలేదు.

"ఒట్టు పెట్టుకోవద్దని దేవుడే చెప్పినాడు. తీయలేదంటే తీయలేదు. అంతకంటే నేను చెప్పేది లేదు."

పాస్టరు వాక్యం తెలిసినవాడు కాబట్టి ఒత్తిడి చేయలేకపోయాడు. "తప్పు చేయకుంటే ఒట్టుకు బయమెందుకంట?" అని వెనక వరసలో ఎవరో అన్నారు. కృపమణికి కావలసింది ఆ మాటే. ఊరు తన పక్కకొచ్చిందని సంబరపడింది.

మధ్యాహ్నానికల్లా వాకిట్లో ఆటో ఆగింది. జీవిత బట్టల సంచీ సర్దుకుని రాయచోటికి, పుట్టింటికి బయల్దేరింది.

"వాడు లోడు దించి వచ్చేదాకా ఆగమ్మా," అన్నాడు దావీదురాజు.

"ఆగితే ఇంకేం మోపుతారో బావా. ఆయనొస్తే నేను యాడుండానో చెప్పు, సాలు." తాళంచెవి తీసి కృపమణి అరచేతిలో పెట్టింది. "ఇంగ నీ పాలు ఎవురూ ముట్టరులే అక్కా."

"ముట్టరు. నా ఆవులకు పట్టిన పీడ పోతాండాది."

మహిమ అలవాటుగా పెద్దమ్మ వైపు రెండు చేతులూ చాచింది. కృపమణి చేతులు వెనక్కి పెట్టుకుంది. ఆటో మలుపు తిరిగేదాకా వాకిట్లోనే నిలబడింది, మళ్లీ తిరిగొస్తారేమోనన్న అనుమానంతో.

తర్వాత రెండు తాళంచెవులూ కలిపి కొంగున ముడేసుకుంది. మనసు తేలికపడింది. ఈ పూట బకెట్టు నిండుతుంది, రేపూ నిండుతుంది. తవుడు గంప నడుమున పెట్టుకుని, సాయంత్రం పితికే వేళ కాకముందే షెడ్డుకు నడిచింది. తాళం తీసి గేటు తోసింది.

ఎర్రావు మెడ వెనక్కి తిప్పి, తన పొదుగు తానే చీకుతోంది.