కప్పరాజుగారి ఆఖరి మాట

కప్పరాజు కన్నుమూశాడు. తామరాకు సింహాసనం నాదంటే నాదని ఆయన తమ్ముడు బొండురాయుడూ, కొడుకు చిట్టిభూపతీ సైన్యాలతో ఎదురెదురుగా నిలబడ్డారు. రాజుగారి ఆఖరి మాట విన్నది ముసలి తాబేలు మంత్రి మందయ్య ఒక్కడే. చెబితే రాజుగారి పరువు పోతుందని పాపం తల డిప్పలో దాచుకున్నాడు.

“బయటికి రండి మంత్రిగారూ! మా నాన్న ఎవరి పేరు చెప్పారు?” అని గద్దించాడు చిట్టిభూపతి.

యుద్ధం ఆపాలని మందయ్య మెల్లగా తల బయటపెట్టాడు. “ఎవరి పేరూ చెప్పలేదు బాబూ. ‘అదుగో దోమ, పట్టు పట్టు!’ అన్నారు, పోయారు.”

అంతలోనే బొండురాయుడు గొంతు ఉబ్బించాడు. “ఆ దోమని అన్నయ్య పట్టమన్నది నన్నే!”

“కాదు బాబాయ్, నన్ను!”

రెండు సైన్యాలూ కలబడ్డాయి. మందయ్య నిట్టూర్చి, ఖాళీగా ఉన్న సింహాసనాన్ని ఓ అంచు నుంచి మొదలుపెట్టి, తీరిగ్గా నమిలేశాడు.