రెండు డబ్బాల పీనట్ బటర్

అక్క బస్సు దిగి వస్తూనే సంచిలోంచి రెండు పీనట్ బటర్ డబ్బాలు తీసి, బల్ల మీద టక్కుమని పెట్టింది.

"ఒకటి కొంటే ఒకటి ఉచితంరా! మా సూపర్ మార్కెట్లో నా బిల్లు నేనే కొట్టుకుని తెచ్చా. చిన్నప్పుడు నీకిదంటే ప్రాణం కదా!"

తమ్ముడు డబ్బాల వైపు చూశాడు. అక్క వైపు చూశాడు. చేతిలో విప్పి ఉన్న తాళం వైపు చూసుకున్నాడు. "ఊఁ" అన్నాడు.

భార్య పోయాక అతను మాట్లాడుతున్నదంతా ఆ మాత్రమే. గుండె ఆగి నిద్రలోనే పోయిందావిడ. అతను ఏడవలేదు. ఇంటి ముందున్న కొట్టు మామూలుగానే తెరిచాడు, తాళాలు మామూలుగానే బాగుచేస్తున్నాడు. తిండి ఒక్కటే మానేశాడు. ఇన్ని టీ నీళ్లు, ఎప్పుడైనా ఓ బ్రెడ్డు ముక్క. ప్యాంటు జారుతోందని బెల్టుకి మేకుతో కొత్త కన్నం పొడుచుకున్నాడు.

"నీ పెళ్లయ్యాక ఈ ఇంట్లో ఈ డబ్బా కనబడితే ఒట్టు. మరదలున్నన్నాళ్లూ నోరు కట్టుకున్నావు. ఇప్పుడైనా తిను," అంది అక్క. "రేపు సాయంత్రం నా బస్సు. నా కళ్ల ముందు ఓ రెండు ముద్దలు తిన్నావా సరే సరి. లేదంటే బస్సెక్కేది లేదు."

అన్నంత పనీ చేసే మనిషి. చీర కొంగు దోపి వంటింట్లో దూరింది. బ్రెడ్డు కాల్చి మందంగా రాసిచ్చింది.

"ఆకలి లేదక్కా."

నూడుల్స్‌లో కలిపి నిమ్మకాయ పిండింది. ఇల్లంతా ఘుమఘుమలాడింది. అతను లేచి కిటికీలన్నీ బార్లా తెరిచాడు. ప్లేటు ముట్టుకోలేదు.

"గోడకి పెట్టినా ఈపాటికి తినేదిరా!"

అతను విప్పిన తాళం ముందేసుకుని కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున్నే తనంతట తనే డబ్బా చేతిలోకి తీసుకున్నాడు. అక్కకి ప్రాణం లేచొచ్చింది. తీరా చూస్తే, చెంచా పట్టుకుని వీధిలోకి వెళ్లి గేటు బందులకి రాస్తున్నాడు.

"కిర్రుమంటోంది," అన్నాడు.

తర్వాత కొట్టులో కూర్చుని, కొత్త తాళాల మీద వదలకుండా ఉన్న స్టిక్కర్ల జిగురుకి పూసి తుడిచాడు. శుభ్రంగా వచ్చేసింది. ఓ అట్ట గొట్టానికి పూసి, పైన గింజలు చల్లి, వీధి చివర చెట్టుకి పిట్టల కోసం వేలాడదీశాడు. పక్కింటివాళ్ల కుక్క మందు బిళ్ల మింగడం లేదంటే, అందులో పెట్టి వాళ్ల గుమ్మంలోనే తినిపించాడు. మొదటి డబ్బా అడుగు కనిపించింది.

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది! గేటుకి పెట్టావు, పిట్టకి పెట్టావు, కుక్కకి పెట్టావు. నీ నోరేం పాపం చేసుకుందిరా?"

అతను ఖాళీ డబ్బా తీసుకెళ్లి వీధి చెత్తకుండీలో పడేశాడు. లోపలికొచ్చిన ప్రతిసారీ మోచేతుల దాకా సబ్బుతో రుద్ది కడుక్కున్నాడు. చొక్కా మార్చుకున్నాడు. తుడిచిన గుడ్డ బయటే పారేశాడు. తాళాల పని చేసేవాడు చేతులు కడుక్కోవడంలో వింతేముంది? అక్క మాత్రం ఆ గుడ్డని ఓసారి, అతని చేతుల్ని ఓసారి చూసింది.

మధ్యాహ్నం ఇల్లు సర్దడం మొదలుపెట్టింది. గుమ్మం పక్కన మేకుకి మరదలి చేతిసంచి అలాగే వేలాడుతోంది. ఆవిడ ఎక్కడికెళ్లినా వెంట ఉంచుకునే ఇంజెక్షన్ ఇంకా అందులోనే ఉంది.

"ఇదింకా ఎందుకురా? తీసేయనా?"

"దాని తేదీ ఇంకా దాటలేదక్కా."

అక్క దాన్ని మళ్లీ సంచిలోనే పెట్టేసింది. వంటింట్లోకి వెళ్లి ముక్కు చీదుకుంది. రెండో డబ్బా మూత తీసి, ఉన్నదంతా గీకి, గుడ్డూ పంచదారా కలిపి బిస్కెట్లు కాల్చింది. కాలుస్తున్నంతసేపూ తిడుతూనే ఉంది. తమ్ముణ్ణో, దేవుణ్ణో, ఆఫర్ పెట్టిన తన సూపర్ మార్కెట్టునో తెలియదు.

బస్సు వేళయింది. అక్క సంచి పట్టుకుని గుమ్మం దాకా వచ్చింది. అక్కణ్ణుంచి కదిలితేనా!

"పోనీలే, రేపెళ్తా. రేపు కాకపోతే ఎల్లుండి. ఉద్యోగం ఊడగొడితే ఇక్కడే నీ తాళాలు తుడుచుకుంటూ పడుంటా."

నవ్వుతూ అందామనుకుంది గానీ, అంటూనే కొంగుతో కళ్లు ఒత్తుకుంది. తమ్ముడు ఆమె మొహంలోకి చూశాడు. వచ్చాక మొదటిసారి సరిగ్గా చూశాడు. ప్లేట్లోంచి ఓ బిస్కెట్ తీసుకుని కొరికాడు. నమిలాడు. ఇంకోటి తీసుకున్నాడు.

"ఎలా ఉందిరా?"

"బావుంది."

"నా కోసం అంటున్నావా?"

"లేదక్కా. చిన్నప్పుడు ఎలా ఉండేదో అలాగే ఉంది."

అక్క అక్కడికక్కడే భోరుమంది. అతను ఆమె వీపు నిమిరాడు. అతనికి మాత్రం ఏడుపు రాలేదు. సంచి మోసుకెళ్లి, సీటు దొరికేదాకా చూసి, బస్సెక్కించి వచ్చాడు.

ఇంటికొచ్చి పళ్లు తోముకున్నాడు. పుక్కిలించి, మళ్లీ తోముకున్నాడు. తలారా స్నానం చేసి ఉతికిన బట్టలు వేసుకున్నాడు. కాసేపు నడుం వాల్చుదామని పడగ్గది దాకా వెళ్లాడు. తలుపు పిడి మీద చెయ్యి వేయబోయి వెనక్కి తీసుకున్నాడు. ముందుగదిలోకి వచ్చి, ఇరుకు సోఫాలో కాళ్లు ముడుచుకుని పడుకున్నాడు.

వేరుశనగ రవ్వంత తగిలినా గొంతు వాచిపోయి ఊపిరాడని మనిషి పడుకునే గది అది.