బొమ్మల కోటకి దీపం

“పనిగది తాళంచెవి ఇటివ్వు నాన్నా. రేపే కంటి ఆసుపత్రి,” అంది కూతురు, గుమ్మానికి అడ్డంగా నిలబడి.

“నా కళ్లకేం మాయరోగం? నిక్షేపంలా ఉన్నాయి,” అన్నాడు తాత. ఇత్తడి దీపాలు చేయడం ఆయన పని.

“నిక్షేపమే. నిన్న తలుపుకి తగిలించిన కోటుని కూర్చోమన్నారు,” అంది వెనక నుంచి ఆయన భార్య.

“మర్యాద చేసినా తప్పేనా?”

తాతకి ఆపరేషనంటే భయం. కంట్లో కత్తి పెడతారని ఎవరో చెప్పారు. ఆ సంగతి బయటికి అనడు. పనుందంటాడు.

అప్పుడే మనవరాలు బొమ్మరిల్లు మోసుకొచ్చి బల్ల మీద పెట్టింది. ఇల్లంటే ఇల్లు కాదు, అట్టలతో కట్టిన పాతకాలపు కోట.

“తాతా, దీనికి దీపం కావాలి. రాజుల కాలంలో ఉండేలాంటిదే.”

తాతకి ప్రాణం లేచొచ్చింది.

“అమ్మాయ్, పందెం. ఈ దీపం నేను చేస్తా. అందులో ఒక్క వంక దొరికినా నోరెత్తకుండా ఆసుపత్రికొస్తా. దొరక్కపోతే మాత్రం నా కళ్ల ఊసు మళ్లీ ఎత్తకూడదు.”

కూతురు ఆలోచించి సరేనంది. చూపు లేకుండా అంత సన్న పని జరగదని ఆమె ధీమా.

మనవరాలు పుస్తకం తెరిచింది. “ఇదుగో బొమ్మ. చూసుకో తాతా.”

“నువ్వే చూసి చెప్పవే. నా చేతులు ఖాళీ లేవు.”

“బండిచక్రం ఉంది. అంచు మీద చుట్టూ కొవ్వొత్తులు. పైకప్పు నుంచి గొలుసులతో వేలాడుతోంది. కొవ్వొత్తుల మీద మైనం కారింది.”

“ఎంత కారింది?”

“జలుబు చేస్తే నా ముక్కు కారినంత.”

“అర్థమైంది.”

తలుపేసుకుని కూర్చున్నాడు. ఇత్తడి తీగ వంచి చక్రం చేశాడు. పాత ఇనుములా ఉండాలని సుత్తితో సన్నగా నొక్కులు కొట్టి మసి పూశాడు. సన్న గొట్టాలు కోసి, మైనం కారినట్టు తగరం చుక్కలు అంటించి, కొవ్వొత్తుల్లా నిలబెట్టాడు. వాటి కొసల్లో ఆవగింజంత బల్బులు. వైరు దూర్చే కంతని నాలుక కొసతో వెతుక్కోవడం ఆయనకి మొదట్నుంచీ అలవాటు. కోట అడుగున స్విచ్చు, బ్యాటరీ పెట్టే అర కూడా తనే బిగించాడు.

భార్య టీ పట్టుకొచ్చింది. “చీకట్లో ఏం పనండీ ఇది? లైటేసుకోవచ్చుగా?”

“దీపాలు చేసేవాడికి దీపమెందుకే?”

పని అయ్యాక అందరూ ముందుగదిలో చేరారు. కూతురు బజారు నుంచి బ్యాటరీ తెచ్చింది, దాంతోపాటు భూతద్దం కూడా తెచ్చింది. చక్రాన్ని తిప్పి చూసింది. గొలుసు లాగి చూసింది. అతుకులన్నీ గోటితో గీకింది. మైనం చుక్కల దగ్గర మాత్రం చాలాసేపు ఆగింది.

“అచ్చం నా ముక్కే,” అంది మనవరాలు.

“వంకేం లేదు,” అంది కూతురు చివరికి.

“నేనే పొరబడ్డాను. నిన్న ఎవరో నిజంగానే వచ్చుంటారు, నాకే కోటులా కనబడ్డారు,” అంది భార్య.

తాత మీసం సవరించుకున్నాడు. “ఇంక నా పనిగది జోలికి ఎవరూ రాకండి.”

మనవరాలు దీపాన్ని కోట పైకప్పుకి తగిలించింది. ఆగలేకపోతోంది.

“స్విచ్చు నొక్కనా తాతా?”

“నొక్కు.”

టక్‌మంది.

తాత చేతులు కట్టుకుని కోటవైపు తిరిగాడు. “అబ్బ! చూశావటే అమ్మాయ్, గోడల మీద నీడలు ఎలా ఊగుతున్నాయో! ఇలాంటి వెలుగు రాజులు కూడా చూసుండరు.”

మనవరాలు కోటలోకి తొంగి చూసింది.

“తాతా,” అంది మనవరాలు, “బ్యాటరీ ఇంకా అమ్మ చేతిలోనే ఉంది.”